సౌండ్ తీసేసి ఆడిన ఆట

మా బావ నర్సింగం ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నేనైతే చూడలేదు. ఈ ఎనిమిది నెలలుగా మరీ ఎక్కువైంది. టీ గ్లాసు పట్టుకొని క్వార్టర్ ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతాడు. టీ చల్లారుతుంది. మా అక్క జమున తీసుకెళ్లి మళ్లీ వేడి చేసి ఇస్తుంది. అదీ చల్లారుతుంది. "కాళ్లకు మోటర్ గిట్ల పెట్టిచ్చుకున్నవా బావా?" అని అడిగితే పలకడు. పిలిస్తే పలకని అలవాటు ఆయనకు నాలుగైదేళ్లుగా ఉంది. అది పరధ్యానమని అక్క అనేది. పొగరని నేననేవాణ్ని.

గోదావరిఖనిలో ఆయన్ని రెండు రకాలుగా గుర్తుపడతారు. బొగ్గు గనిలో పనిచేసేవాళ్లకు ఆయన సర్దార్. సర్దార్ అంటే, మాకంటే ముందు వెళ్లి, ఇనుప పొన్ను ఉన్న కర్రతో గని కప్పును తట్టి, ఆ మోతను బట్టి కప్పు గట్టిగా ఉందో లేదో చెప్పేవాడు. ఖంగుమంటే లోపలికి పోవచ్చు. డొల్లగా మోగితే ఎవరూ అడుగు పెట్టకూడదు. మా గ్యాంగులో ఎనిమిది మందిమి. ఆయన "పోండ్రి" అంటే పోతాం, "ఆగుండ్రి" అంటే ఆగుతాం. మొన్నమొన్నటి దాకా ఇరవై ఏళ్లు ఇదే నడిచింది.

గని బయటివాళ్లకు మాత్రం ఆయన పాత వీడియో గేముల నర్సింగం.

నలభై ఆరేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. తొంభైల్లో కాలనీలో ప్రతి లైనులోనూ ఒకరిద్దరి ఇళ్లలో టీవీకి తగిలించి ఆడే గేములు ఉండేవి. లక్ష్మీనగర్ దుకాణాల్లో క్యాసెట్లు అమ్మేవాళ్లు. పైన బొమ్మ ఒకటుంటే లోపల ఆట మరొకటి. పేర్లు ఇంగ్లిషులోనో ఇంకేదో భాషలోనో ఉండేవి కాబట్టి పిల్లలే పేర్లు పెట్టుకునేవారు. అందరూ ఎగబడి ఆడే ఆటలు నాలుగైదు. మిగతావన్నీ ఒకసారి పెట్టి, బాగాలేదని తీసి పారేసినవే. మా బావ ఆ పారేసిన క్యాసెట్లను ఏరి దాచుకున్నాడు. ఇప్పటికీ ఒక బియ్యం డ్రమ్ము నిండా ఉన్నాయి. వాటితో పాటు ఒక డబ్బా టీవీ.

ఆయనకు 'ఖని పాత ఆటలు' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రెండు వందల మంది సభ్యులు. అప్పటి కాలనీ పిల్లలే, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు. కొందరు ఇక్కడే, కొందరు రామకృష్ణాపూర్‌లో, కొందరు జైపూర్ కరెంటు ప్లాంటులో. ప్రతి ఆదివారం పొద్దున మా బావ ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు. తిరుగుతూనే మాట్లాడతాడు కాబట్టి మాటలతో పాటు చెప్పుల చప్పుడు కూడా వినిపిస్తుంది. గొంతు కూడా అవతలివాళ్లు ఏటికి ఆ ఒడ్డున ఉన్నట్టు పెట్టి మాట్లాడతాడు.

"అందరు ఆడిన ఆట గురించి నేను చెప్ప. దానికి నేనెందుకు? ఎవ్వలు పట్టించుకోని దాని గురించి చెప్త," అనేది ఆయన మొదటి మాట. తర్వాత అసలు సంగతి. "ఈ వారం రైలు గేటు ఆట. మీరందరు తుపాకి లేదని తీసి పారేసిన్రు. మూడు గేట్లు, నాలుగు రైళ్లు, గంతే. కాని మూడో స్టేజీల ఒక గొర్ల మంద వస్తది సూడుండ్రి, గేటు ఎయ్యాల్నా తెరవాల్నా తెల్వక చెమటలు పడ్తయి. గొర్లను దాటనిస్తే పోస్టు బండి లేటు. బండిని పోనిస్తే గొర్లు పోతయి. గిసొంటి ఆట చేసినోడికి దండం పెట్టాలె."

మరో వారం పడవ ఆట. "దీంట్ల గెలుసుడు లేదు. మనుషుల్ని ఒడ్డు దాటిచ్చుడే. ముసలామె ఎక్కితే పడవ మెల్లగ నడపాలె, లేకుంటె దిగిపోతది. గీ సంగతి మనకు ఎవ్వలు చెప్పలే, అందుకే దాన్ని ఎడ్డి ఆట అన్నం. ఎడ్డోళ్లం మనమే."

విని నవ్వుకునేవాళ్లం గానీ ఆ సాయంత్రానికి పదిమంది ఆ ఆటను వెతికి ఆడేవాళ్లు. ఆడి, నిజమే అన్నా అని మెసేజ్ పెట్టేవాళ్లు. మా బావ ముఖంలో వెలుగు కనిపించేది అప్పుడే.

ఇక ఎనిమిది నెలల కిందటి సంగతి. మొదటి షిఫ్టు. ఆ రోజు నేను నాగా పెట్టాను, జ్వరం. బావ ఎప్పటిలాగే కప్పు తట్టి చూసి మంచిగా మోగిందన్నాడు. ఆగయ్యన్నను ముందుకు పొమ్మన్నాడు. ఆగయ్యన్న మా గ్యాంగులో అందరికంటే పెద్ద, కమాన్‌పూర్ మనిషి. నాలుగడుగులు వేశాడో లేదో కప్పు దిగింది. ఆగయ్యన్నకు ఎడమ కాలు మోకాలి కింద పోయింది. లాగబోయిన బావకు కుడి భుజం విరిగింది.

విచారణ జరిగింది. కప్పు మంచిగానే మోగిందని బావ రాసిచ్చాడు. ఒక్కోసారి మంచి కప్పు కూడా దిగుతుందని, ఎవరి తప్పూ లేదని తేల్చారు. కాలనీ అంతా నమ్మింది. బావ ఒక్కడే నమ్మలేదు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన్ని పైన ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్లకు లైట్లు ఇవ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. అప్పటినుంచీ అదే పని. గురువారం మెడికల్ బోర్డు ఉంది. భుజం బాగుందంటే మళ్లీ సర్దార్‌గా మా గ్యాంగును తీసుకొని దిగుతాడు.

దిగాలని ఆయన పడే ఆరాటం చూస్తే నాకు భయం వేసేది. డబుల్ డ్యూటీ కోసమో, పేరు కోసమో కాదు. మళ్లీ ఒకసారి కప్పు తట్టి, తను చెప్పింది నిజమై, గ్యాంగంతా నడుచుకుంటూ పైకి వస్తే గానీ, ఆ రోజు తాను తప్పు చెప్పలేదని ఆయనకు నమ్మకం కుదరదు. "నేను కరెక్టే ఇన్న కదరా రఘు?" అని నన్ను వందసార్లు అడిగి ఉంటాడు. నేను ఆ రోజు అక్కడ లేను. అయినా "కరెక్టే ఇన్నవు బావా" అని వందసార్లూ చెప్పాను.

బోర్డుకు నాలుగు రోజుల ముందు ఆదివారం. బావ ముప్పై ఒకటో ఆట గురించి మెసేజ్ పెట్టాడు. కాసేపటికి కెరోలిన్ అనే ఆవిడ గ్రూపులో రాసింది. రామకృష్ణాపూర్‌లో టీచర్. గ్రూపులో చాలాకాలంగా ఉన్నా ఎప్పుడూ మాట్లాడని మనిషి.

"అన్నా, ముప్పై ఒక్క ఆటలు చెప్పిన్రు. బొమ్మలు చెప్పిన్రు, స్టేజీలు చెప్పిన్రు. ఒక్క ఆటలో కూడా సౌండ్ గురించి చెప్పలేదు. మ్యూజిక్ అంటే ఇష్టం లేదా?"

బావ అది చదివి పెద్దగా నవ్వాడు. వెంటనే వాయిస్ పెట్టాడు. "చెల్లె, మాకు సౌండ్ ఎక్కడిది? మా నాయిన నైటు షిఫ్టు చేసి పొద్దంత పండేటోడు. టీవీకి సౌండ్ పెడితే తోలు తీసేటోడు. లైన్ల అందరిండ్లల్ల గంతే. సౌండ్ తీసేసే ఆడినం."

గ్రూపులో ఒక్కొక్కరే అవునంటే అవునన్నారు. మా ఇంట్లోనూ అంతే. మా నాన్న మంచం టీవీ ముందే ఉండేది. ఒక కాలనీ పిల్లలందరూ ఒక్క చప్పుడు కూడా వినకుండా అన్నేళ్లు ఆడారని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. వీడియో గేమంటే చప్పుడు లేనిదేనని అనుకుంటూనే నేనైతే పెరిగాను.

కెరోలిన్ మళ్లీ రాసింది. "మా నాయిన ఆఫీసుల క్లర్క్. జనరల్ షిఫ్టు. మేం సౌండ్ పెట్టుకునే ఆడినం. అన్నా, మీరు ఒకసారి లైటు మనిషి ఆట మోసమన్నరు. అది మోసం కాదు. ఆ ఆట సౌండ్‌తోనే ఆడాలె."

లైటు మనిషి ఆటంటే నాకూ తెలుసు. నెత్తిన దీపం పెట్టుకున్న మనిషి నేల కింద దారుల్లో నడుస్తాడు. ఉన్నట్టుండి పైనుంచి రాళ్లు పడి చస్తాడు. ఎక్కడ పడతాయో తెలియదు. రెండో స్టేజీ దాటినవాడు మా కాలనీలో లేడు. గని కింద నాన్నలున్న పిల్లలకు ఆ చావు చూడబుద్ధి కాక కూడా కావచ్చు, అందరం ఆ ఆట పక్కన పడేశాం. అందులో ఒక పనికిరాని బటన్ ఉండేది. నొక్కితే ఆ మనిషి చేతి కర్ర పైకెత్తి దించేవాడు. దోమలు కొడుతున్నాడని నవ్వేవాళ్లం.

"ఆ బటన్ నొక్కి వినండి," అని రాసింది కెరోలిన్. "కప్పును తట్టి చూస్తడు. మంచిదైతే ఖంగుమంటది. లేకుంటే డొల్లగ మోగుతది. నేను పదేండ్లప్పుడే ఆఖరి స్టేజీ దాటిన."

మా బావ ఫోను పట్టుకొని నిలబడిపోయాడు. తర్వాత తిరగడం మొదలుపెట్టాడు. "రఘూ, ఇరవై ఏండ్లు నేను చేసిన పని అది. నా పనే ఆట చేసిన్రు. నేనే దాన్ని బేకార్ అన్న," అంటాడు, నవ్వుతాడు, తల కొట్టుకుంటాడు. అన్నం తినకుండానే డ్రమ్ములో క్యాసెట్లన్నీ నేల మీద పోశాడు. లైటు మనిషి దొరికింది. ఊది, తుడిచి, పెట్టాడు. టీవీ సౌండ్ సగం దాకా పెంచాడు.

"గంత సౌండేంది?" అంది అక్క వంటింట్లోంచి. ఎవరూ పడుకోలేదు, నైటు షిఫ్టువాళ్లెవరూ ఇంట్లో లేరు. అయినా అనేసింది. తర్వాత తనే నవ్వుకుంది.

మొదటి దారి. బావ ఆగి బటన్ నొక్కాడు. ఖంగుమంది. చక్కగా, గంట కొట్టినట్టు. ముందుకెళ్లాడు. ఏమీ కాలేదు. రెండో దారి. నొక్కాడు. డొల్లగా మోగింది. అప్పటికి నాకూ ఉత్సాహం వచ్చింది, "అగో, తేడా ఉన్నది బావా," అన్నాను. ఆయన నేరుగా ఆ దారిలోకి నడిపించాడు. రాళ్లు పడ్డాయి. మనిషి చచ్చాడు.

"డొల్లగ మోగింది గదా, ఎందుకు పోయినవ్?" అన్నాను.

"ఏడ మోగింది? రెండు ఒక్క తీర్గనే ఉన్నయి."

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మళ్లీ ఆడాడు. మళ్లీ చచ్చాడు. సౌండ్ ఇంకా పెంచాడు. మూడోసారి, నాలుగోసారి. టీవీ స్పీకర్ ఖరాబైందన్నాడు. క్యాసెట్ తీసి మళ్లీ ఊదాడు. టీవీకి చెవి ఆనించి బటన్ నొక్కాడు. రెండూ టక్కుమనే అంటున్నాయని ఒట్టేశాడు. నాకు చిరాకొచ్చింది. "నీకేమైంది బావా, చిన్నపిల్లలకు గూడ తెలుస్తది," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

అప్పుడే వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. వంకాయలు కోస్తోంది. టీవీ ఆమెకు కనబడదు. బావ బటన్ నొక్కిన ప్రతిసారీ అక్కడినుంచే చెబుతోంది. "మంచిది." ఇంకోటి. "డొల్ల." ఇంకోటి. "మంచిది... మంచిది... డొల్ల." ఆమెకు అదొక సరదా. ఆమె చెప్పినట్టు వెళ్తే దారి దొరుకుతోంది. మూడో స్టేజీ వచ్చింది. మా కాలనీలో ఎవరూ చూడని స్టేజీ. బావ ఆట రిమోట్ కింద పెట్టేశాడు.

ఆయన ఏం ఆలోచిస్తున్నాడో అప్పుడు నాకు అర్థమైంది. పిలిస్తే పలకకపోవడం పొగరు కాదు. పెద్దగా మాట్లాడడం జబర్దస్తీ కాదు. డ్రిల్లు మిషన్ల పక్కన ఇరవై ఏళ్లు నిలబడ్డ చెవులు. ఆ ఖంగుమనే మోత ఆయనకు ఎన్నేళ్ల కిందట పోయిందో ఆయనకే తెలియదు.

"అన్ని రూఫులు ఒక్క తీర్గనే మోగుతున్నయని నేననుకున్న," అన్నాడు చివరికి. "ఈ మధ్య రూఫులే గట్ల ఉంటున్నయనుకున్న."

అక్క కత్తిపీట వదిలి వచ్చి నిలబడింది. ఏమైందని అడిగింది. ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకుంది.

ఆ సాయంత్రం నుంచి ఆయన కాళ్లకు నిజంగానే మోటారు పెట్టినట్టైంది. ఫైవింక్లయిన్ గని దాకా నడిచి వెళ్లి తిరిగి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. నేను వెంటపడి నా తెలివి చూపించాను. "బోర్డు సూసేది భుజం. చెవుల సంగతి ఎవ్వలడుగుతరు? నువ్వు చెప్పకుంటె ఎవ్వలకు తెల్వది. ఫిట్ అనిపిచ్చుకో. కప్పు మేం ఇంటం, నీకు చెప్తం. చెప్తె ఏమైతది? జిందగంత ల్యాంపు రూములనే. రాసిచ్చింది తప్పని మల్ల విచారణ. బిడ్డకో అల్లునికో నౌకరి కోసం చెవిటి నాటకం ఆడుతున్నడని లైన్ల అందరు నవ్వుతరు."

మా బావకు పిల్లలు లేరు. అయినా, పనికి రాడని బోర్డు తేలిస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు కాబట్టి, ఇక్కడ ఎవరైనా జబ్బని వెళ్తే మొదట వచ్చే మాట అదే. నేను చెడ్డ సలహా ఇస్తున్నానని నాకు అనిపించలేదు. ఆయన మళ్లీ దిగకపోతే చచ్చిపోతాడని నిజంగానే భయపడ్డాను. ఆయన అంతా విని, "ముందుగాల ఆగన్నకు చెప్పాలె," అన్నాడు.

బుధవారం షిఫ్టు అయ్యాక నా బండి మీద కమాన్‌పూర్ వెళ్లాం. దారిపొడవునా వెనక కూర్చొని ఏదో గొణుగుతూనే ఉన్నాడు, చెప్పాల్సిన మాటలు సరిచూసుకుంటున్నట్టు. ఓపెన్‌కాస్ట్ గని తవ్వి పోసిన మట్టి గుట్టల పక్కన లారీలు దుమ్ము లేపుతుంటే బండి ఆపుదామన్నాను. ఆపొద్దన్నాడు.

ఆగయ్యన్న ఇంటిముందు మంచం మీద కూర్చొని పత్తి చేనుకు మందు కొట్టే పంపును విప్పి బాగుచేసుకుంటున్నాడు. పెట్టుడు కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆయన భార్య కనకవ్వ మమ్మల్ని చూసి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"కూసో నర్సింగం," అన్నాడు ఆగయ్యన్న. బావ కూర్చోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మొదలుపెట్టాడు. ఆట గురించి చెప్పాడు. కెరోలిన్ గురించి చెప్పాడు. జమున వంటింట్లోంచి చెప్పడం గురించి చెప్పాడు. మధ్యలో తడబడి మళ్లీ మొదటికి వెళ్లాడు. వీడియో గేము గురించి తనకెందుకు చెబుతున్నాడో తెలియక ఆగయ్యన్న నా వైపు చూశాడు. చివరికి బావ ఆయన ముందుకొచ్చి ఆగాడు.

"ఆగన్నా, నాకు చెవులు పోయినయి. ఆ దినం కప్పు ఎట్ల మోగిందో నాకు తెల్వనే తెల్వది. తెలిసినట్టు చెప్పి నిన్ను పొమ్మన్న. నీ కాలు నేనే తీసిన." ఆ మాటతో మా బావ ఏడ్చేశాడు. నలభై ఆరేళ్ల సర్దార్ ఏడుస్తుంటే ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు.

ఆగయ్యన్న పంపు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"డొల్లగనే మోగింది," అన్నాడు.

బావకు సరిగ్గా వినబడలేదు. ముందుకు వంగాడు.

"డొల్లగనే మోగిందంటున్న," అన్నాడు ఆగయ్యన్న గట్టిగా. "నేను ఇన్న. నీ పక్కనే ఉంటి గదా. మంచిగ ఇన్న."

"మరి ఎందుకు పోయినవే?"

"నువ్వు పొమ్మంటివి."

కనకవ్వ టీ గ్లాసులు తెచ్చి మంచం మీద పెట్టి, మా ముఖాలు చూసి మళ్లీ లోపలికి వెళ్లింది.

"ఇరవై ఏండ్లల్ల నువ్వు ఒక్కసారి తప్పు చెప్పలే," అన్నాడు ఆగయ్యన్న. "ఆ దినం నాకు డొల్లగ ఇనబడ్డది. నర్సింగం మంచిదంటున్నడంటె నా చెవే ఖరాబైందనుకున్న. విచారణల గూడ చెప్పలే. చెప్తె నిన్ను అంటరని గాదు. ఇనుకుంట ఇనుకుంట ఎట్ల పోయినవ్ రా ఎడ్డోడా అని నన్నంటరని. ఎనిమిది నెలల సంది మా ఇంటిదానికి గూడ చెప్పలే."

బావ కళ్లు తుడుచుకోవడం కూడా మరచిపోయి ఆయన్నే చూస్తున్నాడు. నాకు ఆ వాకిట్లోంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. చెవులు పోయినా పర్వాలేదు, మేం విని చెబుతాం అని మూడు రోజులుగా ఊదరగొట్టింది నేనే. అది ఆగయ్యన్నకు తెలిసినట్టే నా వైపు తిరిగాడు.

"రఘూ, రేపు మీ బావ ఫిట్ అయి మల్ల దిగిండనుకో. నీకు డొల్లగ ఇనబడ్డది. ఆయన పొమ్మన్నడు. నువ్వు ఆగుతవా?"

ఆగుతానని చెప్పడానికే నోరు తెరిచాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. పదిహేనేళ్లుగా ఆ మనిషి పొమ్మన్న ప్రతి చోటికీ పోయినవాణ్ని. పైకి చూసుకోకుండా కూడా పోయినవాణ్ని.

"పోతనే," అన్నాను.

ఆగయ్యన్న తల ఊపి టీ గ్లాసు అందుకున్నాడు. బోర్డు ఎన్ని గంటలకని బావ నన్ను అడిగాడు. పదింటికని చెప్పాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని మళ్లీ అడిగాడు. పదింటికి బావా, నేనూ వస్తున్నా అని ఈసారి గట్టిగా చెప్పాను.